ఒక చాప ఎక్కువ పరవండి

మా ఇల్లు హయత్‌నగర్‌లో విజయవాడ హైవే దిగి రెండు సందులు లోపలికి నడిస్తే వస్తుంది. ప్రార్థన కూడిక మా ఇంట్లో ఉన్న నెల మొదటి శనివారం సాయంత్రం ఆరు దాటేసరికి గడప ముందు చెప్పులు చేరడం మొదలవుతుంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్ళ బూట్లు, పిల్లలు విదిలించి పోయిన రంగురంగుల చెప్పులు, షుగరున్న పెద్దవాళ్ళు వేసుకునే మెత్తటి నల్ల చెప్పులు. నేను వంటగది కిటికీలోంచి ఆ జతలు లెక్కపెట్టి ఎసరు పెడతాను. పద్దెనిమిది జతలుంటే రెండుంపావు కిలోల బియ్యం. ఆ పైన ఇంకో గ్లాసెడు, చెప్పకుండా వచ్చేవాళ్ళ కోసం.

పదేళ్ళ కిందట ఈ గడప ముందు మూడే జతలుండేవి. నావి, మా ఆయనవి, మా అబ్బాయివి.

మాది సూర్యాపేట దగ్గరి పల్లె. మా ఆయన ఆర్టీసీ డ్రైవరు. పిల్లవాడి చదువు కోసం వచ్చి ఇక్కడే నిలబడిపోయాం. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవాళ్ళం. పాటలు పాడేవాళ్ళం, వాక్యం వినేవాళ్ళం, కానుక వేసేవాళ్ళం. ఆశీర్వాదం అయిన ఐదు నిమిషాలకు బండి మీద ఉండేవాళ్ళం. 2015లో నాకు ఆపరేషన్ అయింది. నెల రోజులు మంచం దిగలేదు. నాలుగు ఆదివారాలు నా చోటు ఖాళీగా ఉన్నా మా తలుపు తట్టినవాళ్ళు లేరు. దేవుడి బిడ్డలంటే ఇదేనా అని రాత్రుళ్ళు ఏడ్చాను. ఐదో వారం మెల్లగా వెళితే, ఎప్పుడూ నా పక్కన కూర్చునే అక్క చెయ్యి పట్టుకుంది. "నీ కోసం చూస్తనే ఉన్నమ్మా. మీ ఇల్లెక్కడో ఎవరికీ తెల్వదు. అడుగుదామంటే నీ పేరు గూడ తెల్వకపాయె" అంది. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. మూడేళ్ళుగా ఒకే పాటల పుస్తకంలో చూసి పాడుతున్నాం ఇద్దరం. ఆమె పేరు నాకూ తెలియదు.

ఆ రోజు నాకు అర్థమైంది ఒక్కటే, ఈ అధ్యాయమంతా దాని గురించే. ఆదివారం మందిరంలో దొరికే సంతోషం తనంతట తాను మన ఇంటిదాకా రాదు. దాన్ని ఇంటికి పిలిచి, చాప వేసి, అన్నం పెట్టాలి.

ఇది నా ఒక్కదాని అనుభవం అనుకోకండి. అమెరికాలో చేయూన్ లిమ్, రాబర్ట్ పట్నం అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. ప్రార్థనా మందిరాలకు క్రమంగా వెళ్ళేవాళ్ళు వెళ్ళనివాళ్ళకంటే జీవితంలో ఎక్కువ తృప్తిగా ఉంటారని అంతకుముందే తెలుసు. ఎందుకు ఉంటారన్నది వీళ్ళు వెతికారు. తేలిందేమిటంటే, ఆ తృప్తి ఎక్కువగా సంఘంలో ఉన్న దగ్గరి స్నేహితుల వల్ల వస్తోంది. ప్రతి వారం వెళ్ళినా అక్కడ తనవాళ్ళంటూ ఎవరూ లేని మనిషికి ఆ తేడా కనబడలేదు. ఈ సంగతి చదివినప్పుడు ఆ మూడేళ్ళ ఆదివారాలు నా కళ్ళ ముందు తిరిగాయి. దేవుడు నాకు ఏదీ తక్కువ చేయలేదు. ఆయన పక్కన కూర్చోబెట్టిన మనిషి వైపు నేనే తిరిగి చూడలేదు.

లూకా సువార్త చివర ఎమ్మాయు కథ ఉంది కదా. ఇద్దరు శిష్యులు దిగులుతో నడుస్తుంటారు. ఆమడ దూరం దారి. పునరుత్థానుడైన యేసు వాళ్ళతోనే నడుస్తూ లేఖనాలన్నీ విప్పి చెబుతాడు. విన్న మాటలకు వాళ్ళ గుండె మండుతుంది, కాని ఆయన్ని పోల్చుకోలేరు. పొద్దు వాలింది, మా దగ్గర ఉండిపొమ్మని బలవంతపెట్టి ఇంట్లోకి తీసుకుపోయి భోజనానికి కూర్చున్నాక, ఆయన రొట్టె విరిచి ఇచ్చినప్పుడు కళ్ళు తెరుచుకుంటాయి. వాక్యం దారిలో విన్నారు, పోల్చుకున్నది అన్నం దగ్గర. వాళ్ళు గడప దగ్గరే వందనాలు చెప్పి పంపేసి ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకుంటాను.

మేముండే ఊరు కూడా దారి మీదే పుట్టింది. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే బాట మీద, మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయత్ బక్షీ బేగం పేరున వెలిసిన ఊరు ఇది. ఆమె పేరుతో ఉన్న మసీదు ఇప్పటికీ ఉంది. దాని చుట్టూ బాటసారులు రాత్రి దిగడానికి కట్టిన గదుల వరుసలు చూస్తే, ఆ కాలంలో దూరం నుంచి నడిచొచ్చినవాడికి ఈ ఊరు ఏమై ఉంటుందో తెలుస్తుంది. ఇవాళ మన కాలనీల్లో ఉన్నదీ ఆ బాట వెంట వచ్చినవాళ్ళమే. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం, కోదాడ, ఇంకా అవతల బెజవాడ, గుంటూరు. పండగ ముందు రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో సంచులు పట్టుకుని నిలబడే జనాన్ని, పంతంగి టోల్‌గేటు దగ్గర ఆగిన కార్ల వరుసను చూడండి. అమ్మానాన్న ఉన్నంతవరకు అందరం ఆ వరుసలో ఉంటాం. వాళ్ళు పోయాక ఊళ్ళో ఇంటికి తాళం పడుతుంది, పండగ నాడు ఫ్లాట్‌లో టీవీ ముందు కూర్చుంటాం. మా అమ్మ పోయాక నాకూ అదే అయింది.

అలా ఊరు దూరమైనవాళ్ళ కోసమే ఇంటి కూడిక. తెలుగు నేల మీద క్రైస్తవ విశ్వాసం ఎలా పాకిందో తెలిస్తే, ఇంటి కూడిక కొత్తగా పుట్టింది కాదని తెలుస్తుంది. ఒంగోలు ప్రాంతంలో తోళ్ళ వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తర్వాత తన బంధువుల పల్లెలకే పోయాడు. వాళ్ళకు చెప్పాడు. బంధువులు విన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారంటే దాని వెనక ఇలా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి నడిచిన పన్నెండేళ్ళున్నాయి.

మన నగరంలోనే గోల్కొండ క్రాస్‌రోడ్స్‌లో హెబ్రోను మందిరం ఉంది. పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టిన సువార్తికుడు భక్తసింగ్ 2000లో కన్నుమూసేదాకా ఆయన సేవకు కేంద్రం అదే. అక్కడి పరిశుద్ధ కూడికలకు మా అమ్మమ్మ చిన్న మూటతో, ఒక చెంబుతో పోయేదట. ఆమె తిరిగొచ్చి ప్రసంగాల గురించి చెప్పింది తక్కువ, ప్రేమవిందు గురించి చెప్పింది ఎక్కువ. నేల మీద పొడుగ్గా చాపలు, డాక్టరమ్మ పక్కన కూలికి పోయే తను, ఒకే గుండిగలో అన్నం. "నా ఇస్తరాకుల ఆమె కూర వడ్డించిందే" అని చెప్పేటప్పుడు ఆమె గొంతు మారేది. ఊళ్ళో మంచినీళ్ళ బావి దగ్గర ఎడంగా నిలబడి పెరిగిన మనిషి ఆమె. ఆ ఒక్క వడ్డనతో ఆమెకు సువార్త అంతా అందింది.

ఇక పనిలోకి వద్దాం. మీ ఇంట్లో కూడిక పెట్టాలనుకుంటే పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. మా మొదటి శనివారం, 2016 ఆగస్టులో, ఏడుగురం. చెయ్యి పట్టుకున్న ఆ అక్క, ఆమె భర్త, మా పై అంతస్తులో అద్దెకున్న జంట, మేము ముగ్గురం. డోలక్ లేదు, మైకు లేదు. జీతాలొచ్చిన వారం కాబట్టి మొదటి శనివారం అనుకున్నాం, ఆ రోజు మార్చలేదు. ఇది గట్టిగా పట్టుకోండి. ఎవరికి వీలైతే అప్పుడు పెట్టుకుందామన్న కూడిక మూడో నెలకే ఆగిపోతుంది. ఇంటివాళ్ళకు జ్వరమొస్తే ఇల్లు మారాలి గాని రోజు మారకూడదు. 2020 లాక్‌డౌన్‌లో కూడా మేము ఫోన్‌లో కలిశాం. సిగ్నల్ అందక పాట ఒకరి వెనక ఒకరికి వినిపించేది, అయినా చివరిదాకా పాడాం.

మొదటి ఏడాదిలో చాలా తప్పులు చేశాం. వాటిలో పెద్దది వంటల దగ్గర జరిగింది. మా ఇంట్లో చికెన్ పెట్టాను. తర్వాతి నెల పైవాళ్ళు బగారా అన్నం, మటన్ పెట్టారు. ఆ తర్వాత ఇంకొకరు బిర్యానీ తెప్పించారు. మా కూడికకు కొత్తగా వస్తున్న ఒక చెల్లి, భర్త పోయాక మిషను కుట్టుకుని ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది, ఉన్నట్టుండి రావడం మానేసింది. వెతుక్కుంటూ వాళ్ళింటికి పోయాను. ఒకటే గది. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది. చాలాసేపు ఏవేవో చెప్పి చివరికి, "వచ్చే నెల మా వంతక్కా. అందరికీ అంతంత నేనేడ పెడుదును" అంది. ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. ఆ రాత్రే అందరికీ ఫోన్లు చేశాం. ఎవరి ఇల్లయినా సరే, ఒక అన్నం, ఒక కూర, మజ్జిగ. అంతే. ఆమె వంతు నెల కూడిక ఆమె గదిలోనే, గుమ్మం బయటిదాకా కూర్చున్నాం. అన్నం, కోడిగుడ్డు పొరుటు, మజ్జిగ. మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నారు అందరూ. ఆమె పెద్ద గిన్నె అడుగు గీరి చూపిస్తూ నవ్విన నవ్వు నేను మరవలేను.

రెండో తప్పు, ఆడవాళ్ళం ప్రార్థన అయ్యేదాకా వంటింట్లోనే ఉండిపోవడం. బేతనియలో మార్త పడ్డ తొందరే అది. లోపల పాట జరుగుతుంటే మేం ఉల్లిగడ్డలు కోస్తూ ఉండేవాళ్ళం. ఇప్పుడు స్టవ్ ఆపాకే పాట ఎత్తుకుంటాం, తిన్నాక గిన్నెలు మగవాళ్ళవి. పదమూడు గంటలు స్టీరింగ్ పట్టి వచ్చిన మా ఆయన సింకు దగ్గర నిలబడితే మొదట్లో నాకు ప్రాణం ఒప్పేది కాదు. ఆయనే చెప్పాడు, అక్కడ ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు గిన్నెలు కడుగుతూ మాట్లాడుకునే మాటలు ముందు గదిలో ఎప్పుడూ మాట్లాడుకోలేదని. ఒకాయన తన అప్పుల సంగతి మొదటిసారి బయటపెట్టింది ఆ సింకు దగ్గరే.

వాక్యం పదిహేను నిమిషాలకు మించనివ్వకండి. అయ్యగారు వచ్చిన రోజు కూడా ఆ మాట మర్యాదగా ముందే చెప్పండి, ఆయన సంతోషిస్తారు. ఆదివారం ప్రసంగం వింటాం, శనివారం మనుషుల మాట వినాలి. సాక్ష్యానికి, ప్రార్థన మనవులకు ఎక్కువ సమయం ఇవ్వండి. మా దగ్గర రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి ఉంది. తేదీ, పేరు, మనవి నీలం ఇంకుతో రాస్తాం. జవాబు వస్తే ఎర్ర ఇంకుతో ఆ తేదీ పక్కన వేస్తాం. ఉద్యోగం, మోకాళ్ళు, ఇంటి అద్దె, పదో తరగతి లెక్కలు. ఎర్ర ఇంకు పడనివీ ఉన్నాయి. పిల్లల కోసం ఒక జంట మనవి ఆరేళ్ళుగా నీలంగానే ఉంది. దాన్ని ప్రతి నెలా చదివి బాధపెడుతున్నామేమో అని ఒకసారి ఆపేశాను. ఆ అమ్మాయి తర్వాత నన్ను పక్కకు పిలిచి, "ఆపకండి అక్కా. మా గురించి దేవుడితో మాట్లాడేవాళ్ళు ఇంకా ఉన్నారని నాకు తెలిసేది అక్కడే" అంది. నీలం రాతలు ఉన్న పేజీలు చింపకూడదని ఆమె నేర్పింది. చాప మీద విన్న మాట చాప మీదే వదిలెయ్యాలన్నది మరో నియమం. అది ఒక్కసారి తప్పినా మళ్ళీ ఎవరూ నోరు విప్పరు.

సాక్ష్యం అనగానే స్వస్థతలూ అద్భుతాలే చెప్పాలనుకుంటారు చాలామంది. చిన్నవి చెప్పనివ్వండి. ఒక శనివారం మా ఆయన లేచి, మామూలుగా రెండు మాటలు చెప్పి కూర్చునే మనిషి, నా వైపు చూడకుండా నేలకేసి చూస్తూ, "తెల్లారి నాలుగింటి డ్యూటీకి పోయే ప్రతి రోజూ ఈమె లేచి చాయ్ పెట్టి నా నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఇన్నేళ్ళల్ల నా బస్సుల ఒక్కరికి దెబ్బ తాకలే. ఈమెకు నేను ఎన్నడూ థ్యాంక్స్ చెప్పలే" అన్నాడు. పెళ్ళయిన ఇరవై మూడేళ్ళకు నేను విన్న మాట అది. ఇద్దరమే ఉన్నప్పుడు ఆయన నోట ఆ మాట వచ్చేది కాదు. నలుగురి మధ్య, దేవుడి ముందు కూర్చుంటే కొన్ని ప్రేమలకు మాట దొరుకుతుంది.

ఇప్పుడు ఆ చాప సంగతి. మా ఇంట్లో ఎంతమంది వస్తారని అనుకుంటే దానికి ఒక చాప ఎక్కువ పరుస్తాం. అది ఒంటరిగా తినే మనిషి కోసం. ప్రతి నెలా ఎవరో ఒకరు అలాంటి ఒక మనిషిని వెంటబెట్టుకుని రావాలి. మనకు ఆ మనుషులు ఎక్కడో లేరు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళ నిండా ఉన్నారు. గ్రూప్స్‌కీ, ఎస్సై పోస్టుకీ కోచింగ్ తీసుకుంటూ, ఒక గదిలో నలుగురుండి కూడా ఎవరికి వారుగా బతికే పిల్లలు. చెయ్యి పట్టుకున్న ఆ అక్క తన ఊరమ్మాయిని ఒకర్ని అలా పిలిచింది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషన్ ఎల్బీనగర్, అక్కడి నుంచి హయత్‌నగర్ బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకు ఆ బస్సులో టికెట్ డబ్బులక్కర్లేదు, చేతిలో పైసలు లేక రాలేదన్న మాటకు ఆస్కారం తగ్గింది. ఆ పిల్ల మొదటి రోజు గోడకు ఆనుకుని ముడుచుకుని కూర్చుంది. పళ్ళెంలో అన్నం వేయగానే ఆవిరి ముఖానికి తగిలిందేమో, కాసేపు కళ్ళు మూసుకుంది. "హాస్టల్‌ల అన్నం సల్లగుంటది ఆంటీ" అని మాత్రం అంది. తర్వాతి నెల తన రూమ్మేటును కూడా తెచ్చింది. ఆ రూమ్మేటు క్రైస్తవురాలు కాదు, పాటలప్పుడు ఊరికే వింటుంది, పిల్లలకు ఇంగ్లీషు చెబుతుంది. ఆమెను ఎవరూ ఏమీ అడగరు. అన్నం పెట్టి బదులు కోరితే అది ప్రేమవిందు అవ్వదు.

పండగలను కూడా ఇలాగే వాడుకోండి. సెమీ క్రిస్మస్, కేరల్స్, 31 రాత్రి ఆరాధన, మంచి శుక్రవారం, ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు. అన్నింటికీ పరుగెత్తి అలసిపోవద్దు. మేము కేరల్స్ రాత్రి ఒక్కటి పట్టుకున్నాం. ఆ ఏడాది ఎవరింట్లో మనిషి పోయారో ఆ ఇంటికి మొదట వెళతాం. పండగ రోజు అరిసెల పళ్ళేలు మా సందులో అందరిళ్ళకూ పోతాయి. బతుకమ్మ నాడు సత్తుపిండి మా ఇంటికొస్తుంది. కూడికకు చాలని కుర్చీలు ఎదురింటివాళ్ళవే.

చివరగా మా తమ్ముడి గురించి చెప్పాలి. ఇది రాయడం నాకు తేలిక కాదు. అమ్మ పోయాక ఊళ్ళో మూడెకరాల బత్తాయి తోట దగ్గర ఇద్దరికీ మాట తేడా వచ్చింది. అమ్మ స్మరణ కూడికకు ఇద్దరం వెళ్ళి, వేరువేరు పంక్తుల్లో తిని వచ్చాం. వాడుండేది నాగోలులో. మా ఇంటికి పది కిలోమీటర్లు లేదు. ఐదేళ్ళు రాలేదు. నోట్‌బుక్‌లో వాడి పేరు రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. రాశాక ఆ నోట్‌బుక్ పట్టుకున్న ఒక పెద్దాయన, "ప్రార్థన మేం చేస్తం బిడ్డా, ఫోన్ మాత్రం నువ్వే చెయ్యాలె" అన్నాడు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమన్న యేసు మాట నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ రాత్రి అది నా ఫోన్‌లో ఉన్న పది అంకెల దగ్గరికి వచ్చి ఆగింది.

మీకూ ఇలాంటి పేరు ఒకటి ఉంటే, నేను చేసింది చెబుతాను. తోట మాట ఎత్తలేదు. ఎవరిది తప్పో తేల్చలేదు. "ఒరేయ్, శనివారం అమ్మ చేసే గోంగూర మాంసం చేస్తున్నా. ఏడింటికి రా" అన్నాను. ఆ నెలకు ఒక కూర నియమం అలాగే ఉంది, ఆ కూరే ఇది. వాడు సరే అనలేదు, కాదనలేదు. ఏడున్నరకు, పాట మధ్యలో, గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. వెనకున్న ఎక్కువ చాప మీద కూర్చున్నాడు. తిన్నాడు. మాతో ఎక్కువ మాట్లాడలేదు. పోయేటప్పుడు మరదలికని స్టీలు టిఫిన్ డబ్బాలో కూర పెట్టి చేతికిచ్చాను, తీసుకున్నాడు.

తోట సంగతి ఇంకా తేలలేదు. నోట్‌బుక్‌లో అది నీలంగానే ఉంది. మా వంతు తిరిగొచ్చిన మొదటి శనివారం వాడు మళ్ళీ వచ్చాడు, ఈసారి మరదలితో. ఆమె వంటింట్లోకి వచ్చి ఆ డబ్బా గట్టు మీద పెట్టింది. మా ఊళ్ళో ఎవరి గిన్నె వాళ్ళకు ఖాళీగా తిరిగివ్వరు. మూత తీసి చూశాను. ఒలిచి, గింజలు తీసి, అమ్మ పెట్టినట్టే తొనలు విడదీసి పేర్చిన బత్తాయిలు.